గేమ్ ప్రోగ్రామర్ ఏఐ పరిశోధనలోకి వెళ్లాలంటే: మీరు రాసిన ఆటతోనే మొదలుపెట్టండి

గేమ్స్ రాసేవాళ్లలో చాలామంది ఏఐ పరిశోధన వైపు వెళ్లాలనుకోగానే చేతిలో ఉన్న పనిని పక్కన పెట్టేస్తారు. ఒక కోర్సు, ఆ తర్వాత ఇంకో కోర్సు, నాలుగు సర్టిఫికెట్లు. ఏడాది తిరిగేసరికి వాళ్ల రెజ్యూమే, నిన్న కాలేజీ నుంచి బయటికొచ్చిన కుర్రాడి రెజ్యూమే ఒకేలా ఉంటాయి. స్టూడియోలో రాత్రుళ్లు కూర్చుని నేర్చుకున్న విద్య అందులో ఎక్కడా కనబడదు. అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

నేను విశాఖలోని గాజువాకలో పెరిగాను. నాన్నది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ. ఇక్కడే బీటెక్ చేసి, రుషికొండ ఐటీ హిల్ మీద ఒక చిన్న స్టూడియోలో మొబైల్ గేమ్స్ రాశాను. ఇప్పుడు రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ (మంచి పనికి మార్కులిస్తూ ప్రోగ్రామ్‌కి నేర్పే పద్ధతి) మీద పనిచేసే టీమ్‌లో రీసెర్చ్ ఇంజనీర్‌ని. ఎంవీపీ కాలనీలోని మా ఇంటి నుంచే పని చేస్తాను. నాకు ఈ ఉద్యోగం తెచ్చిపెట్టింది కోర్సులు కావు, గేమ్ కోడ్. మా తమ్ముడు (పిన్ని కొడుకు) కూడా ఇప్పుడు అదే దారిలో ఉన్నాడు. వాడికి చెప్పినవే ఇక్కడ మీకూ చెబుతున్నాను.

ఈ దారి కొత్తదేమీ కాదు. డెమిస్ హసాబిస్ టీనేజ్‌లోనే థీమ్ పార్క్ అనే గేమ్‌కు పనిచేశాడు. అది 1994లో విడుదలైంది. 1998లో ఎలిక్సిర్ స్టూడియోస్ పెట్టి గేమ్స్ తీశాడు. తర్వాత లండన్‌లో న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ చేసి, 2010లో డీప్‌మైండ్ అనే ఏఐ సంస్థని స్థాపించినవాళ్లలో ఒకడయ్యాడు. ప్రోటీన్ల ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్‌కు 2024లో రసాయన శాస్త్రంలో నోబెల్ పంచుకున్నాడు. వోల్ఫెన్‌స్టీన్, డూమ్, క్వేక్ ఇంజిన్లు రాసిన జాన్ కార్మాక్ 2022లో కీన్ టెక్నాలజీస్ పెట్టి ఏఐ పరిశోధనలోకి దిగాడు. మనం వాళ్లంత కానక్కర్లేదు. గమనించాల్సింది ఒక్కటే. పరిశోధనకు వచ్చాక కూడా వాళ్లిద్దరూ గేమ్స్‌ని వదల్లేదు. డీప్‌మైండ్‌కు పేరు తెచ్చిన మొదటి పని అటారీ ఆటల మీదే. కార్మాక్ ఇప్పటికీ అటారీ ఆటలతోనే ప్రయోగాలు చేస్తున్నాడు.

మీకు వచ్చినవి, రానివి

డీప్‌మైండ్ వాళ్ల 2013 నాటి ఆ అటారీ పేపర్‌లో ఒక చిన్న వాక్యం ఉంది. గేమ్ రాసినవాళ్లకి అది చదవగానే నవ్వొస్తుంది. ఏజెంట్, అంటే ఆట ఆడే ప్రోగ్రామ్, ప్రతి ఫ్రేమ్‌నీ చూడకుండా నాలుగు ఫ్రేములకు ఒకసారి మాత్రమే చూసి నిర్ణయం తీసుకుంటుంది. స్పేస్ ఇన్వేడర్స్‌కి మాత్రం నాలుగు బదులు మూడు పెట్టారు. ఆ ఆటలో లేజర్ మినుకుమినుకుమంటుంది. సరిగ్గా నాలుగు ఫ్రేములకోసారి చూస్తే ఆ లేజర్ ఏజెంట్‌కి అసలు కనబడదు. 2015లో నేచర్ పత్రికలో వచ్చిన రెండో పేపర్‌లో దీనికి మెరుగైన మందు వేశారు. పక్కపక్క రెండు ఫ్రేములు తీసుకుని, ప్రతి పిక్సెల్‌లో ఎక్కువ విలువ ఉన్నదాన్ని ఉంచారు. అటారీ 2600 ఒకేసారి చూపగలిగే స్ప్రైట్లు తక్కువ కాబట్టి కొన్ని వస్తువులు సరి ఫ్రేముల్లో, కొన్ని బేసి ఫ్రేముల్లో కనబడేవి. ఇది న్యూరల్ నెట్‌వర్క్‌కి (ఉదాహరణల నుంచి నేర్చుకునే ప్రోగ్రామ్‌కి) సంబంధించిన జ్ఞానం కాదు, ఆట తెర మీదికి ఎలా వస్తుందో తెలిసినవాళ్ల జ్ఞానం. అది మీ దగ్గర ఉంది.

ఇంకోటి, డిటర్మినిజం. అంటే అదే ఇన్‌పుట్ ఇస్తే అదే ఫలితం రావడం. డూమ్ గేమ్‌లో డెమో ఫైల్ అంటే వీడియో కాదు, ఆటగాడు ఏ క్షణంలో ఏ మీట నొక్కాడన్న చిట్టా మాత్రమే. ఆట సెకనుకు 35 అడుగుల (స్టెప్పుల) చొప్పున నడుస్తుంది. రాండమ్ నంబర్లు కూడా 256 అంకెల పట్టిక నుంచే వరసగా వస్తాయి. అందుకే ఆ చిట్టాను మళ్లీ నడిపితే ఆట మొత్తం పొల్లుపోకుండా తిరిగి జరుగుతుంది. మల్టీప్లేయర్ గేమ్‌లో రెండు ఫోన్లు ఒకే స్థితిలో లేవని తల పట్టుకున్నవాళ్లకు దీని విలువ తెలుసు. పరిశోధనలో ఒక ఫలితాన్ని ఇంకొకరు తిరిగి రాబట్టడానికి కావాల్సింది కూడా ఇదే.

ఇక రానివి. గేమ్‌లో మనం ఏఐ అనేది స్టేట్ మెషీన్, బిహేవియర్ ట్రీ, దారి వెతికే ఏ స్టార్. ఏ స్టార్ 1968లో షేకీ అనే రోబో ప్రాజెక్టులో పుట్టింది, ఇప్పటికీ ప్రతి స్టూడియోలో వాడతారు. కానీ ఇవేవీ నేర్చుకోవు. మనం రాసిందే చేస్తాయి. నేర్చుకునే ప్రోగ్రామ్‌లో మీరు రాసేది ప్రవర్తనని కాదు, ఏది మంచిదో చెప్పే లెక్కని. దీనికి అలవాటు పడటానికి టైమ్ పడుతుంది, పట్టనివ్వండి.

లెక్కల గురించి చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లయితే పాత తెలుగు అకాడమీ పుస్తకాలు అటక మీంచి దించండి. 1ఏలో మాత్రికలు, 1బీలో అవకలనం, 2ఏలో సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు. ఈ మూడు చోట్లా లెక్కలు పెన్నుతో చేయండి. ఆ పైన చైన్ రూల్‌ని అనేక చలరాశులకు వర్తింపజేయడం, సగటు విలువ అంటే నిజంగా ఏమిటో తెలుసుకోవడం. మొదలుపెట్టడానికి ఇది చాలు. మిగతాది పేపర్ చదువుతున్నప్పుడు ఎక్కడ ఆగిపోతే అక్కడ నేర్చుకోవచ్చు.

ఆటని ల్యాబ్‌గా మార్చడం

మీరు రాసిన ఆటల్లో అన్నిటికంటే చిన్నది తీసుకోండి. స్టూడియో వాళ్ల కోడ్ ముట్టుకోవద్దు. అది వాళ్ల ఆస్తి, ఒప్పందం మీద మీరు సంతకం కూడా పెట్టి ఉంటారు. సొంతంగా, కాలేజీ రోజుల్లో రాసింది ఏదైనా సరే. మా తమ్ముడి దగ్గర చేపల వేట ఆట ఉంది. ఫిషింగ్ హార్బర్ నుంచి మరబోటు బయల్దేరి, సముద్రంలో చేపల గుంపుని వెతికి, వల వేసి, తిరిగొచ్చి కోనాం, చందువ అమ్ముకోవాలి. డీజిల్ అయిపోతే ఆట అయిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కూడా పెట్టాడు. ఆ ఆటే తీసుకోమన్నాను.

మొదట ఆట తర్కాన్నీ బొమ్మల్నీ విడదీయండి. తెర లేకుండా, శబ్దం లేకుండా, కేవలం అంకెలతో ఆట నడవాలి. ఎందుకో లెక్క చూడండి. ఒక మామూలు ప్రయోగానికి కోటి అడుగులు కావాలనుకుందాం. సెకనుకు 60 చొప్పున తెర మీద నడిపితే దాదాపు 46 గంటలు. తెర తీసేసి సెకనుకు 3,000 అడుగులు నడిపితే గంటలోపు. రెండో పద్ధతిలో ఒక్క రోజులో ఎన్ని ఆలోచనలు పరీక్షించవచ్చో చూడండి. ఫ్రేమ్‌కి 16.6 మిల్లీసెకన్ల బడ్జెట్‌లో బతికినవాళ్లకి ప్రొఫైలర్ తెరిచి వేగం పెంచడం చేతిలో పని. పరిశోధన టీముల్లో ఈ విద్యకి చాలా గిరాకీ ఉంది.

తర్వాత ఆటకి రెండు ద్వారాలు పెట్టండి. ఒకటి రీసెట్: ఇచ్చిన సీడ్‌తో (రాండమ్ నంబర్ల వరసని నిర్ణయించే అంకెతో) ఆటని మొదటికి తెస్తుంది. రెండోది స్టెప్: ఏజెంట్ చేసిన పనిని తీసుకుని, కొత్త స్థితిని, వచ్చిన రివార్డ్‌ని (మార్కుల్ని), ఆట ముగిసిందా లేదా అన్నదాన్ని తిరిగిస్తుంది. జిమ్నేజియం అనే లైబ్రరీ పద్ధతి ఇదే, అందరూ వాడేదీ ఇదే. అందులో ముగింపుకి రెండు వేర్వేరు గుర్తులుంటాయి. డీజిల్ అయిపోయి ఆట ముగియడం ఒకటి, మనం పెట్టిన గడువు దాటిందని మధ్యలో ఆపేయడం ఇంకొకటి. వీటిని కలిపేయకండి. గడువు దాటినప్పుడు కూడా డీజిల్ అయిపోయినట్టు లెక్కేస్తే ఏజెంట్ భవిష్యత్తుని తప్పుగా అంచనా వేయడం నేర్చుకుంటుంది. యూనిటీ వాడేవాళ్లకి ఎంఎల్ ఏజెంట్స్, గొడోకి గొడో ఆర్‌ఎల్ ఏజెంట్స్ ఉన్నాయి. అయినా మొదటిసారి ఈ ద్వారాలు మీరే రాయండి.

ఏజెంట్ ఎన్ని ఫ్రేములకు ఒకసారి నిర్ణయం తీసుకోవాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. భవిష్యత్తులో వచ్చే రివార్డ్‌ని ప్రతి అడుగుకీ కొంచెం తగ్గిస్తూ లెక్కేస్తారు, సాధారణంగా 0.99తో గుణిస్తూ. సెకనుకు 60 నిర్ణయాలైతే పది సెకన్ల దూరంలో ఉన్న వెయ్యి రూపాయల చేప విలువ ఏజెంట్ దృష్టిలో రెండు రూపాయల నలభై పైసలు. దాని కోసం ఎవరు వెళ్తారు? అదే సెకనుకు నాలుగు నిర్ణయాలకు తగ్గిస్తే ఆ చేప విలువ 669 రూపాయలు. అల్గారిథమ్ ఒక్క అక్షరం కూడా మారలేదు. మా తమ్ముడు ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాకే ముందుకెళ్లాడు. మీరూ మీ ఆటకి వేసుకోండి.

ఇప్పుడు కూడా న్యూరల్ నెట్‌వర్క్ జోలికి వెళ్లకండి. మొదట ఊరికే ఏదో ఒక మీట నొక్కే ఏజెంట్‌ని వెయ్యి ఆటలు ఆడించి సగటు స్కోరు రాసుకోండి. తర్వాత మీరు గేమ్‌లో ఎప్పుడూ రాసే పద్ధతిలో, అయిదారు నియమాలతో ఒక బోటు నడిపించి దాని స్కోరూ రాసుకోండి. నేర్చుకునే ఏజెంట్ దాటాల్సిన గీత ఆ రెండోది. చాలా విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఈ గీత ఉండదు. అది లేకపోతే మీ ఏజెంట్ నిజంగా ఏమైనా నేర్చుకుందో లేదో ఎవరూ చెప్పలేరు.

ఆపైన ఏజెంట్‌కి నేర్పడానికి పీపీఓ (ప్రాక్సిమల్ పాలసీ ఆప్టిమైజేషన్) అనే అల్గారిథమ్ తీసుకోండి. 2017లో వచ్చింది, ఎన్నో చోట్ల పనిచేస్తుంది. క్లీన్ ఆర్‌ఎల్ అనే ప్రాజెక్టులో ఒకే ఫైల్‌లో మొత్తం కోడ్ ఉంటుంది. దాన్ని వరస వరసా చదివి, మూసేసి, మీరే మళ్లీ రాయండి. రాసినదాన్ని ముందు కార్ట్‌పోల్ మీద, అంటే బండి మీద కర్ర నిలబెట్టే చిన్న ఆట మీద పరీక్షించండి. ల్యాప్‌టాప్‌లో నిమిషాల్లో 500 స్కోరు దగ్గరికి రావాలి. రాకపోతే కోడ్‌లో బగ్ ఉన్నట్టే, సొంత ఆటకి వెళ్లకండి.

రివార్డ్ దగ్గర నిలబడండి

ఒకరోజు మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అప్పా (అక్కా), బోటు ఒడ్డు దాటట్లేదేటి? రాత్రంతా ట్రైనింగ్ పెట్టినా హార్బర్‌లోనే ఉంటంది."

బోటు సరిగ్గానే నేర్చుకుంది. చేప అమ్మితే డబ్బు, డీజిల్ కాలిస్తే ప్రతి అడుగుకీ కోత. మొదట్లో అటూ ఇటూ తిరిగిన బోటుకి చేపలు దొరకలేదు, డీజిల్ మాత్రం కాలింది. కదలకుండా ఉంటేనే నష్టం తక్కువని తేల్చుకుంది. దీనికి మందు రివార్డ్‌ని ఇష్టమొచ్చినట్టు పెంచడం కాదు. మొదటి ఆటల్లో బోటుని చేపల గుంపు పక్కనే వదిలి, నేర్చుకునే కొద్దీ దూరం పెంచడం ఒక దారి. గుంపుకి దగ్గరైతే కొంచెం మార్కులివ్వడం రెండో దారి. దానికి ఆండ్రూ ఎన్‌జీ, హరాడా, రస్సెల్ అనే పరిశోధకులు 1999లో ఒక సూత్రం ఇచ్చారు. ప్రతి స్థితికీ ఒక విలువ పెట్టి, ఆ విలువల తేడాని (తర్వాతి స్థితి విలువని ముందు 0.99తో గుణించి) అదనపు రివార్డ్‌గా ఇస్తే, అసలు ఆటలో ఏది ఉత్తమమో అది మారదు. దగ్గరికొచ్చి వెనక్కెళ్లి మళ్లీ దగ్గరికొచ్చి మార్కులు కొట్టేసే వీలుండదు.

వాడు మొదటి దారి పట్టాడు, బోటు సముద్రంలోకి వెళ్లింది. అప్పుడు ఇంకో వింత. వల ఎత్తగానే మార్కులు వేస్తున్నాడు. బోటు ఒకేచోట వల వేయడం, ఎత్తడం, వేయడం, ఎత్తడం. హార్బర్‌కి రావడమే మానేసింది. చేపల్ని ఒడ్డున అమ్మినప్పుడే మార్కులు వేసేలా మార్చాక కుదురుకుంది. ఓపెన్ఏఐ వాళ్లు 2016లో కోస్ట్‌రన్నర్స్ అనే పడవల రేసు ఆటలో సరిగ్గా ఇలాంటిదే చూపించారు. వాళ్ల పడవ రేసు పూర్తి చేయకుండా, మళ్లీ మళ్లీ పుట్టే బహుమతుల చుట్టూ తిరుగుతూ, మంటలంటుకుంటున్నా స్కోరు మాత్రం పెంచుకుంటూ పోయింది.

ఆటగాళ్లు కనిపెట్టే ఇలాంటి కిటుకుల్ని మూసేయడం గేమ్ డిజైనర్‌కి రోజువారీ పని. కాయిన్లు ఎక్కడ ఉచితంగా దొరుకుతాయో పిల్లలు ఎంత తొందరగా పట్టేస్తారో మీకు తెలుసు. ఏజెంట్ కూడా అంతే, కాకపోతే అలసిపోదు. పెద్ద భాషా మోడళ్లకు రివార్డ్ ఇచ్చి నేర్పేటప్పుడు కూడా ఇదే సమస్య వస్తుంది. అందుకే ఈ భాగాన్ని తొందరగా దాటేయకండి. మీ ఏజెంట్ ఎన్ని రకాలుగా దొంగదారులు పట్టిందో, ఒక్కోదాన్ని ఎలా కనుక్కున్నారో, ఏ మార్పుతో ఆపారో వివరంగా రాసుకోండి. నన్ను ఇంటర్వ్యూ చేసినవాళ్లు ఎక్కువసేపు అడిగింది దీని గురించే.

ఒక్క గ్రాఫ్ నమ్మకండి

గేమ్‌లో అయితే కోడ్ పనిచేస్తే చాలు, బిల్డ్ ఇచ్చేస్తాం. పరిశోధనలో కోడ్ పనిచేసిన తర్వాతే అసలు పని మొదలవుతుంది. 2017లో హెండర్సన్, అతని సహచరులు రాసిన పేపర్‌లో ఒక ప్రయోగం ఉంది. అదే అల్గారిథమ్, అవే సెట్టింగులు, పది రాండమ్ సీడ్లు. వాటిని అయిదేసి చొప్పున రెండు గుంపులు చేసి సగటు గీస్తే, రెండు వేర్వేరు అల్గారిథమ్‌లా అన్నంత తేడా వచ్చింది. కాబట్టి ఒక్క రన్ బాగా వచ్చిందని సంబరపడొద్దు. మీ ఆట చిన్నదే కాబట్టి పది సీడ్లు నడపండి, అన్ని గీతలూ గ్రాఫ్‌లో చూపండి, చెడ్డవి కూడా.

ప్రశ్న చిన్నగా పెట్టుకోండి. "డీజిల్ కోతని ట్రైనింగ్ మధ్యలో నెమ్మదిగా పెంచితే మొదటి నుంచీ పూర్తిగా ఉంచినదానికంటే తొందరగా నేర్చుకుంటుందా?" ఇలాంటిది. ఒక్క మార్పే చేయండి. జవాబు "లేదు" అని వచ్చినా అది జవాబే, రాయండి.

జీపీయూ కొనాలా అని అడుగుతారు. ఇలాంటి ప్రయోగాలకి అక్కర్లేదు. నెట్‌వర్క్ చిన్నది, ఎక్కువ సమయం ఆట నడపడానికే పోతుంది, అది సీపీయూ పని. పిక్సెళ్లతో నేర్పాల్సి వస్తే కాగిల్ అనే వెబ్‌సైట్‌లో వారానికి సుమారు 30 గంటలు జీపీయూ ఉచితంగా ఇస్తారు. మన ఊళ్లో అక్టోబర్, నవంబర్ నెలలు వచ్చాయంటే తుఫాన్లు, కరెంటు కోతలు. 2014 హుద్‌హుద్ చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. చెక్‌పాయింట్ (ట్రైనింగ్ ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టే ఫైల్) తరచుగా రాయండి. నెట్‌వర్క్ ఒక్కటే దాచితే సరిపోదు, ఆప్టిమైజర్ (నెట్‌వర్క్‌లోని అంకెల్ని సరిదిద్దే భాగం) స్థితి, రాండమ్ జనరేటర్ స్థితి కూడా దాచాలి. గేమ్‌లో సేవ్ ఫైల్ రాసినవాళ్లు ఇది చక్కగా చేస్తారు.

ఉద్యోగం ఎక్కడ

2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రకటించినప్పటి నుంచి మా చుట్టాలందరూ ఇక్కడే ఏఐ ఉద్యోగాలొస్తాయా అని అడుగుతున్నారు. ఊరికి మంచిదే, సంతోషమే. కానీ డేటా సెంటర్ నడపడమంటే కరెంటు, కూలింగ్, నెట్‌వర్క్ పని. పరిశోధన ఉద్యోగం దానికి వేరు, దాని కోసం బయటికి చూడాల్సిందే. కొత్తగా రావాలనుకునేవాళ్లకి హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో రీసెర్చ్ ఎంఎస్ మంచి దారి. గేట్ రాసి ఐఐటీల్లో ఎంటెక్ ఇంకోటి. బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ లాంటి చోట్ల రీసెర్చ్ ఫెలోలని తీసుకుంటారు. సొంతంగా పరిశోధన దిశని నిర్ణయించే రీసెర్చ్ సైంటిస్ట్ ఉద్యోగాలకి ఎక్కువగా పీహెచ్‌డీ అడుగుతారు. ప్రయోగాల్ని కట్టి, నడిపి, వేగం పెంచే రీసెర్చ్ ఇంజనీర్‌కి చాలాచోట్ల అది తప్పనిసరి కాదు. గేమ్స్ నుంచి వచ్చేవాళ్లకి సూటిగా తెరుచుకునే తలుపు ఈ రెండోదే. స్టూడియో ఉద్యోగం మానేయకుండా సాయంత్రాలు, ఆదివారాలు ఈ పని చేయండి. ఇంటి బాధ్యతలు ఉన్నవాళ్లకి నేను ఇంకో సలహా ఇవ్వను.

ల్యాబ్‌కి ఈమెయిల్ రాసేటప్పుడు "ఏఐ మీద నాకు చాలా ఆసక్తి" అని మొదలుపెట్టొద్దు. వాళ్ల పేపర్లలో ఒకటి ఎంచుకుని, దాని ప్రయోగాన్ని మీ ఆటలో తిరిగి నడిపి, ఏమి వచ్చిందో మొదటి రెండు వాక్యాల్లో చెప్పండి. పది సీడ్ల గ్రాఫ్ ఒకటి జతచేయండి. కోడ్ లింక్ ఇచ్చి, ఒక్క కమాండ్‌తో అదే గ్రాఫ్ వాళ్ల మెషీన్ మీద ఎలా వస్తుందో కింద రాయండి. పంపే ముందు ఆ కమాండ్‌ని మీ స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో, మీరు పక్కన లేనప్పుడు, అతన్నే నడిపి చూడమనండి.